బొట్టు పెట్టిన డిస్కు

ఆ ఆదివారం పొద్దున్న ఉమామహేశ్వరం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇడ్లీ, పదింటికి పాత హార్డ్ డిస్కులో ఉన్నదంతా కొత్త డిస్కులోకి ఎక్కించడం, పన్నెండింటికి పనసపొట్టు కూరతో భోజనం.

ఇది 2004 నాటి సంగతి. అప్పట్లో యానాంలో ఒక ఇంట్లో కంప్యూటర్ ఉందంటే దానికో గది, గదికో కర్టెను, కంప్యూటర్‌కో పూల గుడ్డ ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేవారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు దాని ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఒక వస్తువుకి అంత మర్యాద చేసిన రోజులు మళ్ళీ రావు.

ఉమామహేశ్వరం హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. తొంభై ఆరు తుఫానులో ఊళ్ళో ఫొటోలన్నీ నీళ్ళు తాగాయి. పెళ్ళి ఫొటోలు, చంటిపిల్లల ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు బూజుపట్టి ఒకదానికొకటి అతుక్కుపోతుంటే అతను ఇంటింటికీ తిరిగి తెచ్చి, స్కాన్ చేసి, ఓపిగ్గా మచ్చలు తుడిచి దాచాడు. మొత్తం ఆరువందల పన్నెండు. అసలు ఫొటోల్లో చాలావాటికి ఇప్పుడు మొహాలే మిగల్లేదు. అవన్నీ ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే, ఆ డిస్కేమో వారం రోజులుగా టకటకమని చప్పుడు చేస్తోంది.

"క్లోనింగ్ చేసేద్దామండి. పాతదాంట్లో ఎలా ఉందో కొత్తదాంట్లో అచ్చం అలాగే దిగిపోద్ది" అన్నాడు చైతన్య. ముప్ఫై ఏళ్ళవాడు, అగ్రహారంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. సంచిలోంచి మూడు సీడీలు తీసి బల్ల మీద పరిచాడు. "ఏ సాఫ్ట్‌వేరో మీరే చెప్పండి. ఇది మంచిదే గానండి, కొనుక్కోవాలి. ఇది ఫ్రీ, కాపోతే నల్లటి స్క్రీను, అన్నీ మనమే టైపు కొట్టాలండి. ఇదేమో లూయిస్ గారి మేనల్లుడు పాండిచ్చేరి నించి పంపించాడు. బొమ్మలూ బాణాలూ ఉన్నాయి గానీ అంతా ఫ్రెంచేనండి."

"ఫ్రెంచా? మనకి ఫ్రెంచి కొత్తేంటయ్యా!" అన్నాడు ఉమామహేశ్వరం.

అతనికి వచ్చిన ఫ్రెంచి మూడు మాటలు. నమస్కారం, కృతజ్ఞతలు, అవును. అయినా ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాంలో పుట్టినవాడు ఫ్రెంచి రాదని పైకి ఒప్పుకోవడం ఎలా?

"పోనీ లూయిస్ గారొచ్చేదాకా ఆగుదామాండి?" అన్నాడు చైతన్య. లూయిస్ గారు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న పెద్దమనిషి. ఆ వేళప్పుడు చర్చిలో ఉన్నారు.

"ఆయనొచ్చి చదివేటప్పటికి కూర చల్లారిపోద్ది. కానియ్" అన్నాడు మాస్టారు.

రెండు డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. తేడా తెలియడానికి ఉమామహేశ్వరం వాటిని పళ్ళెంలో పెట్టి దేవుడి గదిలో ఉన్న భార్య సరోజినికి అందించాడు. "కొత్త వస్తువు కదా, కాస్త బొట్టు పెట్టివ్వు" అన్నాడు. కొత్త గ్రైండరైనా, కొత్త సైకిలైనా ఆవిడ చేతి పసుపు కుంకుమ పడందే ఆ ఇంట్లో పనిచెయ్యడానికి వీల్లేదు.

పళ్ళెం తిరిగి వచ్చింది. "బొట్టున్నది కొత్తది" అని అప్పగించాడు మాస్టారు. చైతన్య ఆ లెక్కనే రెండూ తగిలించాడు. తెర మీద ఫ్రెంచి వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఉమామహేశ్వరం ప్రతిదాన్నీ పెదవులు కదుపుతూ చూసి, గంభీరంగా తలూపి, తనకొచ్చిన మూడో మాట మీద నొక్కించాడు. పచ్చ బాణం పరుగెత్తింది. పది నిమిషాల్లో నూరు శాతం!

"నలభై జీబీ ఇంత స్పీడా!" అని చైతన్య నోరు తెరిచాడు.

"ఫ్రెంచివాళ్ళది మరి" అన్నాడు మాస్టారు, తనే తయారు చేసినట్టు.

అప్పుడు సరోజిని కాఫీ తెచ్చింది. తెరిచిన కంప్యూటర్‌లోకి తొంగి చూసి, "బొట్టున్న ఈ పాతదాన్ని ఇంకా తియ్యలేదేంటండీ?" అంది.

"అది కొత్తది. నువ్వే కదా బొట్టు పెట్టావు!"

"కొత్తదానికేం రోగమండీ? చచ్చేలా మూలుగుతోంది పాతది కదా. పక్కన అంటించిన కాగితం చిరిగుంది, ఆ మాత్రం గుర్తుపట్టలేనా? చల్లగా ఉండమని దానికే పెట్టాను."

ఉమామహేశ్వరం చేతిలో గ్లాసు ఒరిగిపోయింది. అంటే, ఏమీ లేని కొత్త డిస్కుని తీసుకెళ్ళి ఆరువందల పన్నెండు ఫొటోల మీద పరిచేశారన్నమాట.

"ఎవరూ ముట్టుకోకండి! ఏదీ నొక్కకండి!" అని చైతన్య పెట్టిన కేక గోడవతల బట్టలు ఆరేస్తున్న తెరేసాకి వినబడింది. ఆవిడ దానికి కరెంటు షాకని అర్థం చెప్పుకుని వీధిలోకి పరుగెత్తింది. వీధి చివరికి వెళ్ళేసరికి షాకు మంటలయింది. పావుగంటలో ఇంటినిండా జనం. ఫరంపేట నుంచి పాపారావు సైకిలు మీద బకెట్టుడు ఇసక తెచ్చి తిన్నగా కంప్యూటర్ మీద పొయ్యబోతే, చైతన్య దానికి అడ్డంపడి సగం ఇసక తన నెత్తిన పోయించుకున్నాడు.

"మంటల్లేవు పాపారావూ" అన్నాడు ఉమామహేశ్వరం. "మీ ఫొటోలన్నీ పోయాయి. నేనే పోగొట్టాను."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది. తెరేసా అరుగు మీద కూలబడి, "మా అమ్మది అదొక్కటేనండి. పడవలో కూచుని ఎండకి కళ్ళు చికిలించి ఉంటది" అంది. పాపారావు బకెట్టు కింద పెట్టాడు. "మా తమ్ముడండి, లాగూ జారిపోతుంటే చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆడు పోయి పదేళ్ళయిందండి. ఆ లాగూ తల్చుకుని ఇప్పటికీ నవ్వుకుంటామండి." అలా ఒక్కొక్కరూ చెబుతుంటే ఉమామహేశ్వరానికి ప్రతి ఫొటో కళ్ళ ముందు కదిలింది. ఆ మచ్చలన్నీ తన చేత్తో తుడిచినవే. మూడు మాటల ఫ్రెంచితో ఊరిని ముంచానే అని అతను నిజంగానే ఏడ్చాడు.

చర్చి నుంచి లూయిస్ గారు కోటుతో సహా వచ్చారు. జనం దారి ఇచ్చారు. ఆయన కుర్చీ తుడిపించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, తెర మీద మిగిలిన నాలుగు వాక్యాలనూ ముందు ఫ్రెంచిలో పూర్తిగా చదివారు.

"తెలుగులో చెప్పండి బాబూ, ప్రాణం పోతోంది!" అంది సరోజిని.

"ఇది నమూనా ప్రోగ్రామట. కాపీ ఎలా అవుద్దో ఊరికే చూపించారట. ఏ డిస్కులోనూ ఒక్క అక్షరం రాయలేదట. నచ్చితే కొనుక్కోమంటున్నారు."

చైతన్య డిస్కు తెరిచాడు. మొట్టమొదట తెరేసా వాళ్ళమ్మ వచ్చింది, పడవలో, ఎండకి కళ్ళు చికిలించి. తర్వాత లాగూ పట్టుకున్న తమ్ముడు. ఆరువందల పన్నెండూ చూసేదాకా ఎవరూ కదల్లేదు. పనసపొట్టు కూర యాభైమందికి తలా ఓ చెంచా వచ్చింది.

మర్నాడు డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌తో, లూయిస్ గారిని పక్కన కూచోబెట్టుకుని, సరోజిని ఇదే పాతదని వేలు పెట్టి చూపించాక, గంటన్నరలో ఫొటోలన్నీ క్షేమంగా కొత్త డిస్కు చేరాయి. ఆ రాత్రి ఉమామహేశ్వరం హాయిగా నిద్రపోయాడు.

ఆ వారమే నమూనా ప్రోగ్రాం కంపెనీకి లూయిస్ గారి చేత ఫ్రెంచిలో ఉత్తరం రాయించి యాభైమంది సంతకాలు పెట్టారు. 'మీ సాఫ్ట్‌వేర్ ఏ పనీ చెయ్యనందుకు మా ఊరు మీకు ఎంతో రుణపడి ఉంది' అన్న ఆ ఉత్తరానికి కంపెనీ ఇంతవరకూ జవాబు రాయలేదు.