లెక్క తేలేదాకా

ఆ ఉదయం కార్యక్రమంలో అనుమానానికి తావిచ్చేది ఏదీ లేదు. ఏడింటికి ఇంట్లో చివరి సాధన, తొమ్మిదింటికి బయలుదేరడం, పదింటికి పరీక్ష. పరీక్షకు హాజరు కావలసినది థియేటర్ సిస్టర్. ఆపరేషన్ థియేటర్లో ఇరవై మూడేళ్లపాటు, సర్జన్లు అడగకముందే వారి చేతుల్లో పనిముట్లు పెట్టిన మనిషి. ఆ ఇరవై మూడేళ్లలో ఆమె చూసిన రోగులలో దాదాపు అందరూ మత్తులోనే ఉన్నారు. మెలకువగా ఉన్న రోగికి వైద్యం చేయాలన్న కోరికతో, అనుభవజ్ఞులైన ఆస్పత్రి సిబ్బంది కోసం పెట్టిన ఆరు నెలల పారామెడిక్ శిక్షణలో చేరింది. కొత్తవారికి అదే చదువు మూడేళ్లు.

శిక్షణలో ఆమెకు నేర్పగలిగినది తక్కువ. మాన్పించవలసినది మాత్రం ఒకటుంది. థియేటర్లో పనిముట్ల లెక్క తేలేదాకా రోగిని బల్ల మీదనుంచి దించరు. అంబులెన్స్ పనిలో పది నిమిషాల్లో రోగితో కదలాలి. మొదటి పరీక్షలో ఆమె అన్నీ నిర్దుష్టంగా చేసి, సంచిలోని పదహారు వస్తువులనూ రెండుసార్లు లెక్కపెట్టి, పద్నాలుగో నిమిషంలో కదిలింది. ఒక్క లోపమూ లేని పనికి సున్నా వేయడంలోని న్యాయమేమిటో ఇంతవరకు ఎవరూ వివరించలేదు. ఇది రెండో అవకాశం, ఇదే చివరిది. తప్పితే పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన మొదటి సంవత్సరం క్లాసులో కూర్చోవాలి.

సాధనకు రోగి ఆమె భర్త. ఆయన లైబ్రేరియన్, నోరు విప్పకుండా ఉండడంలో ఆయన అనుభవమూ తక్కువది కాదు. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర వెల్లకిలా పడుకుని, "స్పృహ లేదు" అని రాసిన చీటీని గుండెల మీద పెట్టుకున్నాడు. గడియారం పట్టుకున్నది ఆయన అక్కగారు. ఈసారి లెక్కపెట్టడం మొదలుపెడితే జన్మలో మాట్లాడనని వదినగారు ముందే హెచ్చరించింది. సిస్టర్ కోటు తొడుక్కుని, భర్త మెడకు చెక్కబల్లతో పాటు వచ్చే పట్టీ చుట్టి, ఆయనను ఆ బల్ల మీదికి చేర్చి, అయిదు బెల్టులతో బిగించి, తొమ్మిది నిమిషాలలోపే ముగించింది. వదినగారు మెచ్చుకుంది. చీటీ ప్రకారం భర్త ఏమీ అనలేదు.

ఆ తర్వాత సంచి సర్దుతూ, చేతి అలవాటు కొద్దీ సిస్టర్ లెక్కపెట్టింది. పదిహేనే ఉన్నాయి. కత్తెర లేదు.

"వదినా, ఆయన్ని విప్పకండి."

"అదేంటే, అయిపోయిందిగా?"

"లెక్క తేలలేదు. తేలేదాకా పేషెంటు కదలకూడదు."

మామూలు మనిషికి ఇది మొండితనంగా తోచవచ్చు. రోగుల కడుపులో గుడ్డముక్కలు మరచిపోయినవారి గురించి మామూలు మనిషికి ఎవరూ చెప్పరు. సిస్టర్ పడకగది వెతకడానికి వెళ్లింది. వదినగారు హాల్లో సోఫా కింద తల దూర్చింది.

సరిగ్గా అప్పుడే, అరువు తీసుకున్న పేపరు తిరిగివ్వడానికి కింది అంతస్తు బీమా ఏజెంటు వచ్చాడు. ప్రమాదాలు ఊహించడం ఆయన వృత్తి. బెల్టుల మధ్య లైబ్రేరియన్‌ను చూసి, ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. స్పృహ లేని లైబ్రేరియన్ కళ్లతో చీటీని చూపించాడు.

"ఏమైందండీ ఈయనకి?"

"ఏముంది, అంతా అయ్యాక చూసుకుంటే కత్తెర తక్కువైందట," అంది వదినగారు సోఫా కిందనుంచే. "దొరికేదాకా వీణ్ణి విప్పొద్దంది మా మరదలు."

ఏజెంటు ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. కాని పూర్తిగా వినడం కంటే వెంటనే భయపడడం ఆయనకు సులభం. థియేటర్ సిస్టర్ ఇంట్లోనే మొగుడికి ఆపరేషన్ చేసిందనీ, కత్తెర కడుపులో ఉండిపోయిందనీ నిర్ధారించుకుని, మెట్లు దిగుతూనే అంబులెన్స్‌కు ఫోను చేశాడు. ఫోనులో వివరాలు చెప్పేసరికి కత్తెరకు ఒక పట్టుకారు కూడా తోడైంది.

అందరికంటే దగ్గరలో ఉన్న అంబులెన్స్, పరీక్షకని శిక్షణ కేంద్రానికి వెళుతున్నదే. అందులో పరీక్షాధికారి ఉన్నాడు. మొదటిసారి సున్నా వేసిన యువకుడే. సైరన్ వినగానే దారి చూపించాలన్న ఆత్రంతో ఏజెంటు పరిగెత్తి, చివరి నాలుగు మెట్లు ఒకేసారి దిగాడు. ఆయన కేక విని సిస్టర్ సంచితో కిందికి వచ్చింది. వెనకే గడియారంతో వదినగారు.

కడుపులో కత్తెరతో ఉన్న మనిషికోసం వచ్చిన పరీక్షాధికారికి, కాలు వంకరపోయిన మనిషి, అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్న తన విద్యార్థిని కనిపించారు. జరిగినదంతా సిస్టర్ రెండు వాక్యాల్లో చెప్పింది. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"పదింటికి మీకిద్దామనుకున్న కేసు కూడా మెట్ల మీద పడ్డవాడే మేడమ్. అక్కడైతే బొమ్మ. ఎలాగూ మొదలుపెట్టారు, కానివ్వండి. నేను టైము చూస్తాను."

"నేనూ చూస్తాను," అంది వదినగారు.

కాలు చూడాలంటే ప్యాంటు కోయాలి. సిస్టర్ కుడిచేయి దానంతటదే కోటు జేబులోకి వెళ్లి, కత్తెరతో బయటికి వచ్చింది. ఇరవై మూడేళ్లుగా అది ఉండే చోటు అదే.

ఏజెంటు కత్తెరను చూసి, నొప్పిలోనూ నిట్టూర్చాడు. "హమ్మయ్య, తీసేశారా? ఇది కొత్త ప్యాంటు సిస్టరుగారూ, కొంచెం కుట్టు వెంబడి కోయండి."

ఆమె చేతుల కింద ఒక రోగి తన అభిప్రాయం చెప్పడం అదే మొదలు. ఆమెకు ఎంతో సంతోషం కలిగింది. కుట్టు వెంబడే కోసింది, కాలికి అంబులెన్స్‌లోని బద్ద కట్టింది, దేనినీ లెక్కపెట్టకుండా సంచి భుజాన వేసుకుని రోగితో కదిలింది. రెండు గడియారాల్లోనూ ఎనిమిది నిమిషాలే. ఈసారి అన్యాయానికి ఆస్కారం లేకుండా వదినగారు కూడా అంబులెన్స్ ఎక్కింది.

ఆస్పత్రిలో ఏజెంటును అప్పగించాక పరీక్షాధికారి ఫారం తీశాడు. ఉత్తీర్ణురాలని రాసి, ఇప్పుడు తొందరేమీ లేదు కనుక కావాలంటే లెక్క చూసుకోమన్నాడు. ఆమె చూసుకుంది. పదహారూ ఉన్నాయి. "ఘటనాస్థలంలో వదిలినవి" అన్న గడిలో ఆయన "ఏమీ లేవు" అని రాశాడు. ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది.

వదినగారు గడియారం చూసుకుంది. "అవునే, ఇంతకీ మా వాణ్ణి ఎవరు విప్పారు?"

ఫోను చేద్దామా అని కూడా ఆవిడే అడిగింది; స్పృహ లేని రోగి ఫోను ఎత్తడని సిస్టర్ గుర్తు చేసింది.