ఎర్ర చీటీల వారం

సోమవారం పొద్దున్న ప్రోగ్రామర్ నిదియా కొలంబియా దేశపు మెదెయీన్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వచ్చి, జున్ను పెట్టిన అరేపా అనే మొక్కజొన్న రొట్టె తింటూ వారమంతటికీ ఒకే పని పెట్టుకుంది. వాళ్ళు ఓ క్లినిక్‌కు చేసిపెట్టిన యాప్‌లో ఇద్దరు రోగులు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ డాక్టరు దగ్గర ఒకే సమయం దొరుకుతోంది. ఆ బగ్ సరిచేయాలి. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. ఆమె ఉద్యోగం పర్మినెంటవుతుందో లేదో తేలేదీ ఆ రోజే.

యజమాని ఎవేలియో గారు పనుల చీటీలు అంటించే గోడ ముందు నిలబడి ప్రకటించారు. "ఈ వారం కొత్త ఫీచర్లు బంద్. ఆకుపచ్చ చీటీ ఎవరూ అంటించొద్దు. ఎర్ర చీటీలు, అంటే బగ్గులు, అవే చూడాలి."

నిదియా సంతోషంగా తన ఎర్ర చీటీ అంటించింది. కాఫీ చల్లారకముందే ఆయన మళ్ళీ వచ్చారు.

"ఇంజినీరమ్మా, రోగి పుట్టినరోజున తెర మీద బుడగలు ఎగరాలంటోంది క్లినిక్ ఓనరమ్మ."

"అది కొత్త ఫీచర్ కదండీ?"

"ఎగరాల్సినవి ఎగరకపోతే బగ్గే కదమ్మా!" అని ఎర్ర చీటీ అంటించి వెళ్ళారు.

అది చూసి అమ్మకాలు చూసే లూస్ దారీ, "అయితే యాప్ గులాబీ రంగులో లేకపోవడం కూడా బగ్గే," అని ఇంకో ఎర్ర చీటీ అంటించింది. పక్క సీటు యోబానీ యాప్‌లో వాతావరణం కూడా చూపాలన్న, ఇన్నాళ్ళూ ఎవరూ ఒప్పుకోని తన ఆలోచనను ఎర్ర చీటీ మీద రాసి అంటించాడు.

"రోగి వానలో తడుస్తున్నాడు నిదియా. ఇంతకన్నా పెద్ద బగ్గుంటుందా?"

బగ్గులన్నీ నిదియా పనే. బుడగలు ఎగిరి రద్దు బటన్‌ను కప్పేశాయి. బటన్ పక్కకు జరిపితే అది వాన మేఘం వెనక్కి పోయింది. మేఘం తీసేస్తే గులాబీ తెర మీద గులాబీ అక్షరాలు మిగిలాయి. ప్రతి మరమ్మతూ ఇంకో చీటీని కన్నది. గురువారం సాయంత్రానికి ఆమె అన్నీ పూర్తిచేసేసింది, తన చీటీ తప్ప.

"రేపు ఓనరమ్మ వస్తోంది. గోడ మీద ఎర్రటిది ఒక్కటీ కనబడకూడదు," అన్నారు ఎవేలియో గారు.

"ఇదొక్కటే మిగిలిందండీ. ఇంకో రెండ్రోజులివ్వండి."

ఆయన ఆ చీటీ పీకి, ఆకుపచ్చది తీసుకుని రాశారు: ఒక సమయానికి ఒకే రోగి. దూరంగా నిలబడి మురిసిపోయారు. "ఎంత బాగుందో చూడు! ఇది ఫీచరమ్మా. వచ్చే వెర్షన్‌లో చూద్దాం."

"అది బగ్గండీ! క్లినిక్‌లో జనం కొట్టుకుంటారు!"

"బుడగలు చూసి చల్లబడతార్లే."

శుక్రవారం ఓనరమ్మ వచ్చింది. ఎర్ర చీటీ లేని గోడ చూసి మెచ్చుకుంది. ఆకుపచ్చ చీటీ దగ్గర ఆగింది. "ఒక సమయానికి ఒకే రోగా! భలే ఆలోచన. ఎంత ఖర్చైనా సరే, మాకు చేసిపెట్టండి."

ఆమె వెళ్ళగానే ఎవేలియో గారు నిదియాను లోపలికి పిలిచారు. "నీ చేతి చలవ తల్లీ. ఒక్క బగ్గూ లేదు."

"అయితే నా ఉద్యోగం పర్మినెంటేనా అండీ?"

"నిన్ను తీసుకుంది బగ్గుల కోసం కదమ్మా. బగ్గుల్లేని ఆఫీసులో నీకేం పని చూపించను?"

"మరి ఆ ఆకుపచ్చ చీటీ?"

"అది ఫీచరు. దానికి వేరే మనిషి కావాలి."

ఆ వేరే మనిషి కోసం మర్నాడే ప్రకటన వేశారు. మరమ్మతు పనులు మాత్రమే తెలిసినవారు దరఖాస్తు చేయనవసరం లేదని అందులో స్పష్టంగా రాశారు.