అరవై పేర్లూ మనవే

అమెరికా బాస్కెట్‌బాల్ జట్లు ఈ యేడు డ్రాఫ్టు అనే ఎంపికలో ఏ కుర్రవాణ్ణి ఎన్నో నెంబరులో ఎంచుకుంటాయో ముందుగానే అంచనా వేసి, ఆ అంచనాను రాష్ట్ర ప్రజలకు అంకితం చేయాలని పార్టీ గల్ఫ్ విభాగం కువైట్ శాఖ ఏకగ్రీవంగా తీర్మానించింది. షర్క్ పేటలో ఒక ట్రావెల్ ఆఫీసు మేడమీద, ఏసీ ఉండీ పనిచేయని గదిలో, శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఈ చరిత్రాత్మక సమావేశం జరిగింది. హాజరైనవారు పదకొండు మంది. పత్రికలకు పంపిన నోట్‌లో పదకొండు పక్కన రెండు సున్నాలు చేరాయి.

దీనికి మూలపురుషుడు కన్వీనరు సోమేశ్వరరావు గారు. దూరదృష్టి గల మనిషి. ఇరవయ్యేళ్ళుగా కువైట్‌లో ఉంటూనే, రాష్ట్రంలో ఏ నియోజకవర్గం టికెట్టు ఎవరికొస్తుందో జాబితా రాకముందే చెప్పగలరు. తనకు పదవి ఎప్పుడొస్తుందో ఒక్కటే ఇంతవరకూ చెప్పలేకపోయారు. జూన్ ఆఖరి వారంలో క్రీడల మంత్రిగారు కువైట్ వస్తున్నారనీ, వారు అమెరికాలో రెండేళ్ళు చదివినందున బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెడతారనీ పేషీ నుంచి కబురు అందింది. శాలువా ఎవరైనా కప్పుతారు. డ్రాఫ్టు జాబితా చేతిలో పెట్టేవాడు ఎవడున్నాడు?

ఉన్నాడు. ముజీబ్.

ముజీబ్‌ది రాయచోటి. కువైట్‌లో హవల్లీ పేటలో టీవీలమ్మే కొట్లో సేల్స్‌మన్. కొట్లో పదకొండు టీవీలు పొద్దస్తమానం వెలుగుతుంటాయి. తోటి ఫిలిప్పీన్ వాడు అన్నిట్లోనూ బాస్కెట్‌బాలే పెడతాడు. మూడేళ్ళు ఆ బంతి చప్పుడు మధ్య నిలబడి నిలబడి ముజీబ్‌కి ఆ ఆట ఒంటబట్టింది. ఏ కాలేజీలో ఏ పిల్లవాడు ఎంత ఎగురుతున్నాడు, సెర్బియాలో ఎవడి చెయ్యి నిలకడగా ఉంది, ఏ జట్టుకు ఎవడి అవసరముంది, అన్నీ గమనించి ప్రతి జూన్‌లో అరవై పేర్లు రాసి కౌంటరు వెనక అతికిస్తాడు. పోయినేడు మొదటి పద్నాలుగులో పదకొండు సరిపోయాయి. ఇందులో అతనికి వచ్చేదేమీ లేదు. సరిపోయినప్పుడు మనసుకు హాయిగా ఉంటుంది, అంతే.

హాయి లేనిది మిష్రిఫ్ పేట విషయంలో. అతని అక్క బుడేన్‌బీ అక్కడ ఒక విల్లాలో వంటమనిషి. రెండేళ్ళ కాంట్రాక్టు నాలుగేళ్ళయింది. పాస్‌పోర్టు మామా అని పిలిచే యజమానురాలి బీరువాలో ఉంది, బీరువా తాళం మామా మెడలో ఉంది. రాయచోటిలో బుడేన్‌బీ కూతురు షగుఫ్తాకు తొలి కాన్పు. జులై ఇరవై అన్నారు డాక్టరు. ఆ పిల్లకు తండ్రి లేడు, అత్త మంచానపడింది, కాన్పుకు తల్లి తప్ప దిక్కులేదు. ముజీబ్‌ని కువైట్‌కి రప్పించింది ఆ అక్కే. ఆమెను ఒక్క నెలకి ఊరికి పంపలేకపోతున్నానే అని అతనికి అన్నం సయించడం లేదు.

"తమ్ముడూ, నీ పేరు పేషీ దాకా వెళ్ళిపోయింది. ఈరోజు నుంచి నువ్వు మా విభాగానికి సాంకేతిక సలహాదారువి," అన్నారు సోమేశ్వరరావు గారు.

"నా పేరు పోకున్నా ఫరవాలేదు సార్. మా ఆపా ఊరికి పోవాల."

"జాబితా మంత్రిగారి చేతిలో పడనీ. మర్నాడే ఆయన లెటర్‌హెడ్ మీద లెటరు. వీసా ఇచ్చిన కఫీల్ లేచి నిలబడి చదూతాడు."

ముజీబ్ ఆ రోజే అరవై పేర్లూ రాసి ఇచ్చాడు. ఆయన చూసి, ఇలా కాదు, కమిటీ వెయ్యాలి అన్నారు.

కమిటీలో మహిళా విభాగం తరఫున నర్సు జ్ఞానమ్మ గారు, మైనారిటీ విభాగం తరఫున హైదరాబాద్ అబ్దుల్ బాసిత్ కూర్చున్నారు. ముజీబ్ లేచి డ్రాఫ్టు సంగతి మొదట్నుంచీ వివరించాడు.

"పోయినేడు బాగా ఓడిపోయిన జట్లుంటాయి గదా, ఈసారి ముందుగా కోరుకునేది వాళ్ళే సార్."

సోమేశ్వరరావు గారు ముందుకు వంగారు. "ఓడిపోయినోళ్ళకి ముందా?"

"అవును సార్. వాళ్ళల్లో మళ్ళీ లాటరీ తీస్తారు."

"మనకీ అంతేనయ్యా. ఓడిపోయినోళ్ళకే కదా కార్పొరేషన్లు."

"కొందరిని ఒక జట్టు ఎంచుకుంటాది, తెల్లారేలోపల ఇంకో జట్టుకు పోయింటారు."

"గెల్సినంక పార్టీ మారినట్టే కదా," అన్నాడు బాసిత్. "గిది మనకు ఎర్కలేని ఆట ఏం కాదు భాయ్."

ఆటమీద కమిటీకి గౌరవం పెరిగింది. ఒకటో నెంబరు ఎవరని అడిగారు. ఫ్రాన్స్ కుర్రాడు, ఏడడుగుల రెండంగుళాలు అని చెప్పాడు ముజీబ్. వాళ్ళ నాన్న ఎవరన్నారు. ఆయనా ఆడినాయనే అన్నాడు. "వారసుడన్నమాట. ఖాయం," అని టిక్కు పెట్టారు సోమేశ్వరరావు గారు. రెండో నెంబరు తండ్రి లారీ డ్రైవరని తెలిసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. మొదటి పదిమందిలో ఏడుగురు ఒకే దేశం వాళ్ళేమిటి, ప్రాంతీయ సమతుల్యం ఏదీ అని జ్ఞానమ్మ గారు నిలదీశారు. అరవైలో ఒక్క ఆడపిల్లా లేదేమని కూడా అడిగారు. వాళ్ళకు వేరే డ్రాఫ్టు ఉందని ముజీబ్ అంటే, ఎక్కడికెళ్ళినా ఇదే మాట అని పెదవి విరిచారు.

ఇక్కడే ముజీబ్ చేసిన తప్పు ఒకటుంది. తెలిసినవాడు తెలిసిందంతా చెప్పకూడదు. చెప్పాడు.

"అమెరికా బయటోళ్ళకు ఇంకో రూలుంది సార్. ఆ యేడు ఇరవై రెండేండ్లు నిండితే సాలు, పేరు ఇయ్యకపోయినా అర్హులే."

"అర్జీ అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"ఆడటం వచ్చుండాలా?"

"దాని గురించి రూల్లో ఏమీ లేదు సార్."

సోమేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "మా బామ్మర్ది విజయ్ కుమార్‌కి నవంబరులో ఇరవై రెండు నిండుతాయి," అన్నారు.

విజయ్ కుమార్ ఒక బకాలాలో, అంటే కిరాణా కొట్లో, క్యాషియరు. ఐదడుగుల నాలుగంగుళాలు అని ముజీబ్ గుర్తుచేశాడు. అది ప్రస్తుత పరిస్థితి మాత్రమేనన్నారు కన్వీనరు గారు. లాట్వియా కుర్రాడు ఒకడు అరవయ్యో నెంబరులో ఉన్నాడు. ముజీబ్ వాణ్ణి కొట్టేసి విజయ్ కుమార్ అని రాశాడు. ఒక్క పేరే కదా, ఆఖరిదే కదా, ఆపా విమానం ఎక్కితే చాలు అనుకున్నాడు.

మర్నాటి నోట్‌లో 'అమెరికా డ్రాఫ్టు బరిలో గోదావరి ముద్దుబిడ్డ' అని వచ్చింది. సాయంత్రానికి షర్క్ మేడమెట్ల మీద క్యూ కట్టారు. రాయలసీమ వాళ్ళు జనాభా ప్రాతిపదికన సగం స్థానాలు అడిగారు. ఇది న్యాయమే కాబట్టి ఇచ్చారు. కావలి నుంచి వచ్చిన ఒక పెయింటరు పదో తరగతి సర్టిఫికెట్టు ప్రకారం ముప్పై నాలుగేళ్ళవాడు, పాస్‌పోర్టు ప్రకారం ఇరవై రెండు. కువైట్‌లో పాస్‌పోర్టే ప్రామాణికమని కమిటీ తేల్చింది. నలభై మూడో నెంబరు వేశారని అలిగిన షావలి అనే లాండ్రీ ఆయన ఇండిపెండెంటుగా దిగుతానన్నాడు.

"నన్ను అమెరికా వాడు తీసుకోకుంటే మానె. వాడికంటే కిందుంటే ఊర్లో తలెత్తుకోలేను సార్," అన్నాడు, నలభై రెండో నెంబరు కేసి చూపుడువేలు చాచి. ఆయన్ని ముప్పై ఎనిమిదికి ఎక్కించి శాంతింపజేశారు.

పేరు చేరినప్పుడల్లా జాబితాలోంచి ఒకణ్ణి కొట్టేయవలసింది ముజీబే. ఒక్కొక్కణ్ణీ అతను రాత్రిళ్ళూ పగళ్ళూ ఎరిగినవాడు. మోకాలు విరిగి ఏడాది మంచం మీదుండి లేచినవాడున్నాడు. తల్లి హోటల్లో గిన్నెలు కడిగితే చదువుకున్నవాడున్నాడు. గీత గీసే ముందు ఆ పేరు ఒకసారి మెల్లగా చదువుకునేవాడు. బయటికి మాత్రం సరే సార్ అనేవాడు. పది రోజులకు అరవైలో ఒక్కడే మిగిలాడు, ఒకటో నెంబరు ఫ్రాన్స్ కుర్రాడు.

"ఇతన్ని మాత్రం ఉంచండి సార్. ప్రపంచమంతా ఇతన్నే అనుకుంటాండారు. తీసేస్తే నవ్వుతారు."

"మన సభ్యత్వం ఉందా ఇతనికి?"

"లేదు సార్."

"మరి రేపు గెలిచాక మన మాట వింటాడా?"

 పొద్దున్నే అక్క వాయిస్ మెసేజ్ పంపింది. పిల్లకు కాళ్ళు వాచినాయంట రా, ఏమన్నా తెలిసిందా అని. ముజీబ్ కలం తీసి ఫ్రాన్స్ కుర్రాణ్ణి కొట్టేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బామ్మర్ది అరవై నుంచి ఒకటికి ప్రమోషన్ పొందాడు, ఖాళీ అయిన అరవయ్యో నెంబరు క్యూలో మిగిలినవాడికి దక్కింది. ఇంత వేగంగా పైకొచ్చిన ఆటగాడు ఆ ఆట చరిత్రలో మరొకడు ఉండడు.

మంత్రిగారు వచ్చారు. హవల్లీలో ఒక స్కూలు ఆడిటోరియం నిండిపోయింది, ఎందుకంటే బయట నలభై ఎనిమిది డిగ్రీలుంది, లోపల ఏసీ ఉంది. రిబ్బను కట్టిన జాబితాను మంత్రిగారు విప్పి, పైనుంచి కిందికి నిదానంగా చదివారు. ముజీబ్ ఒకడుగు వెనక్కి వేశాడు. అమెరికాలో చదివిన మనిషి, ఆట తెలిసిన మనిషి. ఇప్పుడు అడుగుతారు, ఇక అంతా బయటపడుతుంది.

"ఒకటో నెంబరు విజయ్ కుమార్," అని చదివారు మంత్రిగారు. ముజీబ్ వైపు తిరిగారు. "ఏ కాలేజీ?"

"బకాలా సార్."

మంత్రిగారు తలపంకించారు. "మంచి బాస్కెట్‌బాల్ ప్రోగ్రాం. రెండేళ్ళుగా ఇతన్ని గమనిస్తున్నా. ఆ రీచ్, ఆ చేతుల పొడవు ఎవరికీ లేదు."

వేదిక మీద రెండో వరసలో ఉన్న విజయ్ కుమార్ కనిపించడానికి కుర్చీ ఎక్కి నమస్కారం పెట్టాడు. చప్పట్లు మారుమోగాయి. మంత్రిగారు ముజీబ్ భుజం తట్టి, ఇతనికేం కావాలో చూడండి అని పి.ఏ.కి చెప్పారు. ముజీబ్ అక్కడికక్కడే అక్క పేరు, కఫీల్ పేరు, కాన్పు తేదీ రాసిచ్చాడు. ఆ క్షణంలో అతనికి మంత్రిగారి మీద నిజంగానే ప్రేమ కలిగింది.

రెండు రోజుల తర్వాత డ్రాఫ్టు జరిగింది. మన వేళకు తెల్లవారేసరికి ఫలితాలు వచ్చేశాయి. విభాగం ప్రకటించిన అరవై మందిలో ఒక్కణ్ణీ ఎవరూ ఎంచుకోలేదు. ముజీబ్ కొట్టు తెరిచి, కౌంటరు వెనక అతికించిన తన మొదటి కాగితంతో సరిచూసుకున్నాడు. మొదటి పద్నాలుగులో పన్నెండు. ఎవరికీ చెప్పలేదు. విభాగం పరువు పోయింది, లెటరు కూడా పోయినట్టే అనుకుంటూ షర్క్‌కి పరుగెత్తాడు.

అక్కడ స్వీట్లు పంచుతున్నారు. పత్రికా ప్రకటన అప్పటికే వెళ్ళిపోయింది. 'ప్రతిభావంతులైన మన అరవై మంది యువకుల్లో ఒక్కణ్ణి కూడా అమెరికా లాక్కుపోలేకపోయింది. మేధోవలసను అడ్డుకున్న మంత్రిగారికి కృతజ్ఞతలు.' ఆ మధ్యాహ్నమే ధన్యవాద సభ పెట్టారు. షావలి కూడా మాట్లాడాడు. తనను ముప్పై ఎనిమిదో నెంబరులో అమెరికా వాడు ముట్టుకోలేకపోయాడని చెబుతూ కంటతడి పెట్టాడు.

"మరి మా ఆపా లెటరు సార్?" అన్నాడు ముజీబ్.

"మంత్రిగారు మాట తప్పరు," అని సోమేశ్వరరావు గారు సొరుగులోంచి కవరు తీసి రెండు చేతులతో ఇచ్చారు. మందమైన కాగితం, బంగారు అంచు, ఎంబాసింగ్ ముద్ర.

ముజీబ్ మిష్రిఫ్ బస్సెక్కాడు. కవరు చెమటకు తడవకుండా చొక్కాలోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. విల్లా వెనక గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తే, బుడేన్‌బీ తడిచేతులు ఓణీకి తుడుచుకుంటూ వచ్చింది. మనిషి సగమైపోయింది.

"వచ్చిందా రా?"

"వచ్చిందాపా."

"అల్లా సల్లగా సూస్తాడు ఆ సారును. సదువు. మామా బంగ్లా మీద పండుకోనుంది, లేస్తానే ఇస్తా."

ముజీబ్ కవరు చింపి, ఇంగ్లీషు మనసులో చదువుకుని, అక్కకు అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టాడు. "మీ ఇంట్లో పనిచేస్తాండే బుడేన్‌బీ విషయం మంత్రిగారు అన్ని కోణాల్లోనూ పరిశీలించినారు..."

"ఆఁ."

"పరిశీలించినంక, ఆమె తొందర్లోనే స్వదేశానికి పోతాదని..."  కాగితాన్ని ఇంకోసారి మొదట్నుంచీ చివరిదాకా చూశాడు. పంపండి అని ఎక్కడా లేదు.

"పోతాదని?"

"పోతాదని మంత్రిగారు గట్టిగా అంచనా వేస్తాండారంట ఆపా."

బుడేన్‌బీ ఆ బంగారు అంచును వేలితో తడిమి చూసింది.

"ఎప్పుడని రాసినాడు?"

"తేదీ ఏసిల్లేదు."

లోపల్నుంచి పిలుపు వినబడింది. ఆమె గేటు మూసుకుంటూ అంది, "ఆయప్పకంటే మా మామా నయం రా. వచ్చే నెల అని నెలన్నా చెప్తాది."