చిట్టి బావిలో పడింది

ఆ రోజు పొద్దున మీరావలి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య జైతున్‌బీ నిద్ర లేచేలోగా మిరపచేలోని పాత బావి దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో కొలవాలి. ఇంటికొచ్చి, టీ గ్లాసుతో పాటు ఆ లెక్క కూడా ఆమె చేతికి అందించాలి. ముందురోజు గట్టు మీద కాలు మడతపడి ఆమె చీలమండ బూరెలా వాచింది. అయినా తెల్లారగానే కుంటుకుంటూనైనా వెళ్ళి కొలిచి తీరతానని పట్టు పట్టింది. ఆమె పట్టు ఎలాంటిదో కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఎరిగినవాడు కాబట్టి మీరావలి వాదించలేదు. చెప్పకుండా చేసేద్దామనుకున్నాడు.

జైతున్‌బీ ఆ ఊరి నీటి సంఘానికి అధ్యక్షురాలు. దర్శికి కాస్త ఇవతల ఉన్న ఆ పల్లెలో కొన్నేళ్ళుగా బోర్లు ఒకదాని వెనుక ఒకటి ఎండిపోతుంటే, రైతులు కలిసి పెట్టుకున్న సంఘమది. నెలనెలా నీటిమట్టం కొలుచుకోవడం, ఉన్న నీళ్ళను బట్టి ఎవరు ఎంత మిరప వేసుకోవచ్చో మాట్లాడుకోవడం దాని పని. కొలవడానికి ఒక టేపు ఉంది. గాలిపటం దారం చుట్టుకునేలాంటి చక్రం, దానికి పొడవాటి టేపు, టేపు చివర ఒక బరువు. ఆ బరువు నీళ్ళను తాకగానే పైన చక్రం కుయ్ కుయ్ మని కూస్తుంది. నీళ్ళలోంచి తీసేదాకా ఆపదు. ఊళ్ళోవాళ్ళకు అది ఉత్త మీటరు. కొలిచేటప్పుడు వచ్చి చూసినవాళ్ళు కూడా తక్కువే. జైతున్‌బీ మాత్రం దానికి చిట్టి అని పేరు పెట్టుకుంది. పని కాగానే కొంగుతో తుడిచి, పాత చున్నీలో చుట్టి, మంచం పక్కనే పెట్టుకుంటుంది. ఆ పేరు వాళ్ళ గడప దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

ఆ సాయంత్రమే సంఘం సమావేశం. "కింద నీళ్ళన్నీ ఒకటేనయ్యా. వారానికి ఒక్క రోజు అందరం ఒకేసారి మోటార్లు ఆపితే చివరి కోత దాకా తడులు అందుతాయి" అని ఆమె ఏడాదిగా చెబుతోంది. అందరూ తలలూపేవారు, ఇంటికెళ్ళి ఎవరి మోటారు వాళ్ళు వేసుకునేవారు. మొహమాటం లేకుండా ఎదురు తిరిగింది మీరావలి తమ్ముడు గౌస్ బాషా ఒక్కడే. "నా చేను వేరు, నా బోరు వేరు. నా మోటారుకీ మీ బావికీ ఏం సంబంధం వదినా?" అన్నాడు. మాటా మాటా పెరిగి, మిరపనారు పోసిన నాటి నుంచీ అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడు బావికి పక్కనే ఇంకా లోతైన బోరు వేయిస్తానని బండి కూడా మాట్లాడుకున్నాడు. ఆ బోరు పడితే పాత బావి పని అయిపోయినట్టే.

బావి ఒడ్డున బోర్లా పడుకుని మీరావలి టేపు వదిలాడు. చాలా లోతుకు పోయాక చిట్టి కూసింది. ఆ కూత వినగానే అతనికి ఎంత సంబరం కలిగిందంటే, ఫోటో తీసి భార్యకు చూపించాలనిపించింది. ఒక చేతిలో చక్రం, ఇంకో చేతిలో ఫోను. ఏ చెయ్యి పట్టుకోవాలో, ఏ చెయ్యి నొక్కాలో ఒక్క క్షణం తికమకపడ్డాడు. ఫోను చేతిలోనే మిగిలింది. చిట్టి లేదు.

తొంగి చూశాడు. చక్రం నీళ్ళలో పడలేదు. కూలిపోయిన మెట్లలో మిగిలిన ఒక రాతి మీద ఇరుక్కుంది. టేపు చివర మాత్రం నీళ్ళలో మునిగి ఉంది. అందుకే చిట్టి ఆగకుండా కూస్తోంది. బావి గోడల మధ్య ఆ కూత దీనంగా మారుమోగుతోంది.

బావుల్లో పడ్డ బిందెలు తీసే ఇనుప గాలం జోసఫ్ దగ్గర ఉంది. జోసఫ్, మీరావలి చిన్ననాటి స్నేహితులు. ఆ సమయానికి జోసఫ్ టీ కొట్టులో ఉన్నాడు. చెవి కాస్త మందం కావడంతో అతను ఎవరి ఫోన్ వచ్చినా స్పీకర్ పెట్టేస్తాడు.

"ఒరేయ్ జోసఫూ, కొంప మునిగిందిరా! చిట్టి బావిలో పడిపోయింది!"

"ఆఁ? ఎవరూ?"

"మా చిట్టిరా! పాపం, ఇంకా ఏడుస్తానే ఉంది. నీ దగ్గర గాలం ఉందిగా, అది తీసుకుని బిరాన రా. జైతూకి మాత్రం చెప్పమాక, నన్ను చంపేస్తది!"

"గాలమేందిరా నీ మొహం!" అని జోసఫ్ అరిచేలోగా సిగ్నల్ పోయింది.

జోసఫ్ లుంగీ సర్దుకుని బయల్దేరేసరికి పొద్దెక్కుతుందని మీరావలికి తెలుసు. అందుకే మోపెడ్ ఎక్కి, గాలం కోసం పక్క పల్లెలోని కమ్మరి దగ్గరికి వెళ్ళాడు.

అతను లేని కాసేపట్లో ఊళ్ళో జరిగిందేమిటో తర్వాత తలా ఒక రకంగా చెప్పారు. టీ కొట్టు ఒక్కసారిగా ఖాళీ అయింది. చిట్టి అనే ముద్దుపేరు లేని వీధి లేదు కాబట్టి, తల్లులందరూ ముందు ఎవరి చిట్టిని వాళ్ళు వెతుక్కున్నారు. అన్ని చిట్టిలూ క్షేమంగా దొరికాక, జోసఫ్ పొరుగింటి అంకమ్మ గుండె బాదుకుంది. "ఓరి దేవుడా, మీరావలి కూతురు నస్రత్ సత్తెనపల్లి నుంచి పిల్లనేసుకుని వస్తానందంట గదా! రాత్రే వచ్చుంటది!" అంది. అది అనుమానంగా బయల్దేరి, చర్చి వీధి దాటేసరికి నిజమైంది. మసీదు దగ్గరికి చేరేసరికి ఆ పిల్ల బస్సు దిగుతుండగా చూసినవాళ్ళు కూడా తయారయ్యారు.

మీరావలి గాలంతో తిరిగొచ్చేసరికి బావి చుట్టూ ఊరు ఊరంతా ఉంది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. అంకమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. సంఘం వస్తువు ఒకటి బావిలో పడితే జనం ఇంతగా తల్లడిల్లిపోతారని అతను కలలో కూడా అనుకోలేదు. సమావేశానికి పట్టుమని పదిమంది రారని జైతూ ఎన్నిసార్లు బాధపడింది! ఈ ప్రేమంతా ఎక్కడ దాచుకున్నారు వీళ్ళు?

"ఎట్టా పడిందిరా?" అని జోసఫ్ భుజం పట్టుకున్నాడు.

"చెయ్యి జారిందిరా. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఫోటో తీయబోయా."

"ఆ ఫోన్లు తగలెయ్య!" అంది అంకమ్మ.

"జైతూకి ఏం చెప్పాలో తెలియట్లా. రాత్రి కూడా ఒళ్ళంతా తుడిచి, చున్నీలో చుట్టి, పక్కనే పెట్టుకుని పడుకుంది."

ఆడవాళ్ళు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు.

"నస్రత్‌కి చెప్పావా?" అని జోసఫ్ మెల్లిగా అడిగాడు.

"నస్రత్‌కెందుకు? దానికేం సంబంధం?"

జనం మొహమొహాలు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే బావిలో కూత సన్నబడింది. ఆగి ఆగి రెండుసార్లు వినిపించింది. తర్వాత అదీ లేదు. అప్పటికే పొలాలకు కరెంటొచ్చి చుట్టూ మోటార్లన్నీ హోరెత్తుతున్నాయి. ఆ హోరు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

జనాన్ని ఓదార్చాల్సిన బాధ్యత తనదేనని మీరావలికి అనిపించింది. "లోపలికి నీళ్ళు పోయుంటాయి. అయిపోయింది, ఇక ఆశ లేదు. బాధపడమాకండి, కొత్తది తెచ్చుకుందాం. దర్శిలో దొరక్కపోతే ఒంగోల్లో దొరుకుద్ది" అన్నాడు.

అంకమ్మ చెయ్యి అతని వీపు మీద ఛెళ్ళుమంది.

"వీడికి మతి చలించింది. నీడకు తీసుకెళ్ళండ్రా" అన్నాడు జోసఫ్, కళ్ళు తుడుచుకుంటూ. ఇద్దరు మనుషులు మీరావలిని వేపచెట్టు కింద కూర్చోబెట్టి, నెత్తి మీద తడిగుడ్డ వేసి, లేవకుండా భుజాలు నొక్కి పట్టుకున్నారు.

ఇంతలో గట్ల మీదుగా గౌస్ బాషా పరిగెత్తుకుంటూ వచ్చాడు. అన్న వైపు చూడలేదు. బావిలోకి చెవి పెట్టి విన్నాడు. "మోటార్లు ఆపండ్రా, ఏమీ వినబడి చావట్లా!" అని అరిచాడు. బావిలో మోటారు వైరు కూడా వేలాడుతోంది. లైన్‌మ్యాన్ ప్రకాష్ అక్కడే ఉన్నాడు. మనిషి దిగాలంటే మొత్తం లైనే ఆపాలని చెప్పి, ఫోన్ చేసి పొలాల కరెంటు తీయించాడు. మోకులు వెతికి తెచ్చి, ట్రాక్టరు రప్పించి, దానికి కట్టేసరికి చాలాసేపే పట్టింది. అంతసేపూ ఆ చేలల్లో ఒక్క మోటారు లేదు. ఎప్పుడూ లేనిది, మిరపచెట్ల మీద గాలి కదలడం కూడా వినిపించింది.

ఆ నిశ్శబ్దంలో, బావి అడుగున, కుయ్ మంది.

మళ్ళీ కుయ్ కుయ్.

"బతికే ఉంది!" అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. అంకమ్మ పక్కనున్న గౌస్ బాషా భార్య సిద్దికాను వాటేసుకుని ఏడ్చేసింది. ఆమె ప్రార్థన, ఈమె దువా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. గౌస్ బాషా చొక్కా విప్పి నడుముకు మోకు కట్టుకున్నాడు.

వేపచెట్టు కింద మీరావలికి కంగారు పుట్టింది. "వద్దురా గౌసూ! గోడలు కూలేట్టున్నాయి. దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోమాక!"

తమ్ముడు ఇన్నాళ్ళకు అన్న మొహంలోకి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నోర్ముయ్యి! మనం మాట్లాడుకోకపోతే నీ మనవరాలు నాకు మనవరాలు కాకుండా పోద్దా?" అని బావిలోకి దిగిపోయాడు.

మనవరాలు. ఆ మాట మీరావలి చెవిలో పడి, బుర్రకు చేరడానికి కొంత సమయం తీసుకుంది. అందరి ఏడుపులూ, వీపు మీది దెబ్బా, నెత్తి మీది తడిగుడ్డా ఒకేసారి అర్థమయ్యాయి. "ఆపండి! చిట్టి మనిషి కాదు! పైకి లాగండి వాణ్ణి!" అని లేవబోయాడు.

"ముదిరింది పాపం" అని జోసఫ్ చెంబెడు నీళ్ళు అతని నెత్తిన కుమ్మరించాడు.

బావిలోంచి గౌస్ బాషా గొంతు వచ్చింది. "ఒరేయ్, ఇక్కడ పిల్లా లేదు, ఎవరూ లేరు! చక్రం లాంటిదేదో కూస్తా ఉంది!"

ఆ మాట పూర్తయ్యేలోగా ఒక ఆటో వచ్చి ఆగింది. లోపలి నుంచి జైతున్‌బీ ఒంటికాలి మీద దిగింది. మనవరాలు బావిలో పడిందని ఎవరో చెప్పగానే ఆమె ముందు సత్తెనపల్లికి ఫోన్ చేసింది. నస్రతూ పిల్లా ఇంట్లోనే ఉన్నారు. ఆ పైన మంచం పక్కన ఖాళీ చున్నీ చూసింది. మిగతాది ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"చిట్టంటే మీటరమ్మా. పేరు పెట్టింది నేను, పడేసింది ఈయన" అని తడిసి ముద్దయిన భర్తను చూపించింది.

ముందు తిట్లు లేచాయి. అన్నిటికన్నా పెద్దవి జోసఫ్‌వి. మధ్యలో అంకమ్మ ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు అంటుకుని, పొద్దుటి నుంచి భయపడ్డవాళ్ళంతా కన్నీళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు. జైతున్‌బీ మాత్రం నవ్వలేదు. తల పక్కకు వంచి కూత వింటోంది.

"ఇది మధ్యలో ఆగిందా?" అని అడిగింది.

"ఆగింది వదినా. ప్రాణాలు పోయాయనుకో" అన్నాడు ప్రకాష్. "లైన్ ఆపించాక మళ్ళీ మొదలైంది..." అని తనే సగంలో ఆగిపోయాడు.

జైతున్‌బీ బావి ఒడ్డున కూర్చుని కిందికి పిలిచింది. "గౌసూ, నీ కాళ్ళ దగ్గర నీళ్ళెట్టా ఉన్నాయిరా?"

కింద నీళ్ళలో కాలు కదిపిన చప్పుడైంది. తర్వాత జవాబు మెల్లగా వచ్చింది. "దిగినప్పుడు ఈ రాయి పొడిగా ఉంది వదినా. ఇప్పుడు పాదాలు తడుస్తున్నాయి."

గౌస్ బాషాయే మళ్ళీ అరిచాడు. "ప్రకాషూ, ఈ బావి మోటారు వైరు తీసేసి, లైన్ ఇప్పించు. సిద్దికా, మన బోరు ఒక్కటే వెయ్యి. ఇంకెవరూ వెయ్యమాకండి."

నీళ్ళలో నుంచోవద్దు, పైకి వచ్చెయ్యమని జనం అన్నా వినలేదు. గోడ పక్కకు జరిగి, పైమెట్టుకు ఎక్కి కూర్చున్నాడు. రెండు చేల అవతల సిద్దికా మోటారు వేసింది. ఊరంతా బావి చుట్టూ ఊపిరి బిగబట్టి నుంచుంది. చిట్టి చాలాసేపు కూసింది. జనంలో ఎవరో ఆవులించారు కూడా. అప్పుడు కూత వణికింది. తెగింది.

"ఆపవే సిద్దికా, ఆపు!" బావిలోంచి గౌస్ బాషా కేక కంగారుగా వచ్చింది. "చిట్టి ఆగిపోయింది!"

కింద నీళ్ళన్నీ ఒకటేనని ఏడాది పొడుగునా జైతున్‌బీ చెప్పిన మాట ఆ రోజు ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

మోకు లాగడానికి ట్రాక్టరు ఉన్నా, ఒడ్డు దగ్గర తమ్ముడికి చెయ్యిచ్చింది మీరావలే. చంకలో చిట్టితో పైకొచ్చిన గౌస్ బాషాను గట్టు మీదికి లాగుతూ, "బరువెక్కావురా" అన్నాడు.

"నువ్వు పలకరించడం మానేశాక తిండెక్కువైందన్నా" అన్నాడు తమ్ముడు. ఇద్దరూ చెరో వైపుకూ మొహం తిప్పుకున్నారు. చేతులు మాత్రం వదల్లేదు. చొక్కా వేసుకున్నాక గౌస్ బాషా చేసిన మొదటి పని, బోరు బండివాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పడం.

జనం పక్కకు తప్పుకున్నాక జైతున్‌బీ భర్త నెత్తి మీది తడిగుడ్డ తీసింది. "ఏందయ్యా, నాకు చెప్పకుండా ఎందుకొచ్చావు?"

"నీ కాలు నొప్పి గదా జైతూ."

ఆమె చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవేవీ వాడలేదు. అతని భుజం మీద చెయ్యేసి, బరువంతా ఆనించి లేచింది.

సాయంత్రం దాకా ఆగడమెందుకని, ఊరు ఎలాగూ పోగై ఉందని, సంఘం సమావేశం ఆ వేపచెట్టు కిందే జరిగింది. వారానికి ఒక రోజు మోటార్లన్నీ ఆపాలన్న తీర్మానాన్ని గౌస్ బాషా ప్రతిపాదించాడు. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఇకపై నీటిమట్టం కొలిచేటప్పుడు మీరావలి బావికి ఆమడ దూరంలో ఉండాలన్నది రెండో తీర్మానం. దానికి అందరికన్నా ముందు చెయ్యెత్తింది మీరావలే.