ముగ్గురికి మాటిచ్చిన పన్నెండు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి మూడేళ్ళయింది. ఆ ఆదివారం పొద్దున్నే భిలాయి వైశాలి నగర్‌లో సత్యమూర్తి స్కూటరు తుడిచాడు. భార్య సూర్యావతి హార్మోనియం తీసింది. సాయంత్రం కేబుల్ టీవీలో పాటల పోటీ. తెలుగువాళ్ళ తరఫున పాడేది ఆవిడే.

ఏదో విదేశీ ఛానల్లో దేశాల మధ్య పోటీ చూసి, కేబుల్ పార్థసారథి ఇక్కడా పెట్టాడు. ఐదు జట్లు: తెలుగు, బెంగాలీ, మలయాళీ, ఒడియా, నేపాలీ. మార్కెట్ వాచ్‌మన్ లాల్‌బీర్‌ది నేపాల్ కాబట్టి పోటీ అంతర్జాతీయం. ప్రతి జట్టూ మిగతా నాలుగింటికి పన్నెండు, పది, ఐదు, ఒకటి మార్కులు వెయ్యాలి. సొంత జట్టుకి వేసుకోకూడదు.

సత్యమూర్తి తెలుగు సంఘం కార్యదర్శి. ఈ పోటీ గెలవకపోతే పదవి ఉప కార్యదర్శి కనకలతకి ఇచ్చెయ్యాలని సంఘం తీర్మానించింది.

"ఏటండీ, ఓపాలి కూకోండి. సాధన చేసుకుంటాను."

"సాధన నువ్వు చేసుకో. ఓట్లు నేను సాధిస్తాను."

నెహ్రూ నగర్‌లో బెంగాలీల బెనర్జీని పట్టుకున్నాడు. "దాదా, మీరు మాకు పన్నెండు, మేం మీకు పన్నెండు. పక్కా." బెనర్జీ చెయ్యి కలిపాడు. ఇంత సులువా అనుకుని మలయాళీల కురియన్‌కీ అదే మాట ఇచ్చాడు. భిలాయి-3 వెళ్ళి ఒడియా మహంతికీ ఇచ్చాడు. లాల్‌బీర్‌ని కలవలేదు. అవసరం కనపడలేదు.

సాయంత్రం పోటీ హాల్లో సూర్యావతి చరణంలో దారి తప్పి, పల్లవిలో తేలింది. అయినా బెనర్జీ పన్నెండన్నాడు. కురియన్ పన్నెండు. మహంతి పన్నెండు. ఎలాగూ గెలవడులే అని ముగ్గురూ లాల్‌బీర్‌కి పదేసి పారేశారు. లాల్‌బీర్ మాత్రం తెలుగుకి ఒక్కటే వేశాడు. తెలుగు ముప్ఫై ఏడు, నేపాల్ ముప్ఫై.

ఆఖరున మైకు సత్యమూర్తికి వచ్చింది. బెనర్జీ, కురియన్, మహంతి ముందుకి వంగి కూర్చున్నారు. ఉన్నది ఒక్క పన్నెండు.

"బోలో భయ్యా, లైవ్ పోతంది!" అన్నాడు పార్థసారథి.

ఒకరికి వేస్తే ఇద్దరు తంతారు. చెమటలు పట్టిన సత్యమూర్తికి, ఎవరికీ కోపం రాని పేరు ఒక్కటే కనపడింది. కూడిక కనపడలేదు.

"పన్నెండు... నేపాల్!"

నేపాల్ నలభై రెండు. హాలంతా లేచింది. ఆ ముగ్గురూ లేచారు, చప్పట్లు కొట్టడానికి కాదు.

"అన్నయ్యా, సంఘం తాళాలు ఇలాగివ్వండి" అంది కనకలత.

ఇచ్చేశాడు. అంతలో లాల్‌బీర్ కప్పు పట్టుకుని దండం పెట్టడానికి వచ్చాడు.

"నీకు పన్నెండేశాను కదరా! నాకు ఒక్కటా? నీకేం ద్రోహం చేశాను?"

"మీరేం చెయ్యలేదు సాబ్. దీదీ పాట విని వేశాను."

ముప్ఫై ఏడింటిలో సూర్యావతి పాటకి పడ్డ మార్కు అదొక్కటే.