అమ్మలే, మార్చిన

1984వ సంవత్సరంలో ఒక బుధవారం నాడు కర్ఖేలి గ్రామ గౌరవం పదిహేడు వేల రూపాయల మేరకు పెరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆ రోజే శంకర్రావు తన నల్ల కారును నాందేడ్‌లో ఇచ్చేసి తెల్ల కారు తెచ్చుకున్నాడు.

నల్ల కారు సంగతి కొంచెం చెప్పాలి. రెండేళ్ల కిందట ఫైనాన్సు మీద కొన్న ఆ వాహనానికి ఇంకా ముప్పై ఒక్క వేలు బాకీ ఉంది. అమ్మబోతే పద్నాలుగు వేలు దాటి పలకదు. ఎండాకాలం వేడెక్కి, వానాకాలం రేగడిలో దిగబడి, చలికాలం అసలు కదలక, మూడు కాలాల్లోనూ అది తన ధర్మం తాను నిర్వర్తించింది. కిస్తీలు కట్టడం మాత్రం శంకర్రావు ఏ కాలానికీ అలవాటు చేసుకోలేదు.

ఆయన భార్య కాశీబాయి బడి మొహం చూడలేదు. అందుకని లెక్క సూటిగా చెప్పింది.

"దాన్ని అమ్మేస్తె అయిపోదా? ఈసారి పత్తి పైసలు గూడ కలిపి కడ్తె పీడ వోతది. మంచిగ బస్సుల తిరుగుదాం."

"అమ్ముతె దివాలా తీసిండంటరు. మార్చితె పైకచ్చిండంటరు. గీమాత్రం తెల్వదానే నీకు?" అన్నాడు శంకర్రావు.

ఆయన తప్పేమీ లేదు. ఊరి పద్ధతే అంత. ఉన్నదాన్ని అమ్ముకున్న మనిషికి మర్నాటి నుంచి కిరాణా దుకాణంలో ఉద్దెర బందు. పెద్ద అప్పు తెచ్చుకున్న మనిషికి అదే దుకాణంలో కుర్చీ వేస్తారు.

నాందేడ్‌లో పాత కార్ల వ్యాపారి దయానంద్ నల్ల కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఫికర్ నక్కో, రావ్‌సాహెబ్! మీ పాత బాకీ నేను కడ్త. ఇయ్యాల మీరు ఒక్క రూపాయి గూడ తియ్యద్దు" అన్నాడు. పాత కారుకు తక్కువ పడ్డ పదిహేడు వేలను కొత్త కారు ధర యాభై రెండు వేలలో కలిపి అరవై తొమ్మిది వేలకు ఫైనాన్సు కాగితం రాశాడు. ఆ విధంగా శంకర్రావుకు, తన దగ్గర లేని కారుకు కూడా కిస్తీలు కట్టే సౌకర్యం కలిగింది.

ఒక్కటే చిక్కు వచ్చింది. అప్పు లేని భూమి ఉన్న మనిషి జామీను ఉండాలి. ఊరి పెద్దల సాత్‌బారాలు, అంటే భూమి కాగితాలు, తెప్పించి చూస్తే బ్యాంకు బాకీలూ సొసైటీ బాకీలూ నిండి కొత్త అక్షరం రాయడానికి జాగా లేదు. ఊరు మొత్తంలో శుభ్రంగా ఉన్న కాగితం ముత్తన్నది. ఇరవై ఏళ్లు శంకర్రావు చేలో కూలి చేసి, తినీ తినక కూడబెట్టి, రెండెకరాలు కొన్నాడతను. అతన్ని నమ్మి ఎవరూ ఏనాడూ పైసా అప్పివ్వలేదు కనుక, ఊళ్లో నమ్మదగిన మనిషి అతనొక్కడే అయ్యాడు.

"గిదేంది పటేలా?" అన్నాడు ముత్తన్న.

"పెండ్లిల సాక్షి లెక్కనేరా. నీకేం గాదు."

పాపం, ముత్తన్న మురిసిపోయాడు. పటేలు తన పేరు అడగడం అదే మొదలు. బొటనవేలు బట్టకు తుడుచుకుని మరీ ముద్ర వేశాడు.

శుక్రవారం పంచాయతీ ముందు శంకర్రావుకు శాలువా, కొబ్బరికాయతో సత్కారం జరిగింది. సర్పంచ్ మారోతి ఉపన్యసించాడు.

"అప్పు అందరికి దొరకది! లాయకు ఉన్నోనికే దొరుకుతది! మన శంకర్రావును నమ్మి నాందేడ్ అరవై తొమ్మిది వేలు ఇచ్చిందంటె ఊరికి ఎంత ఇజ్జతు! మనమందరం ఈ తొవ్వల నడువాలె!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది ముత్తన్న.

మొదటి కిస్తీకి దాచిన డబ్బుతో మాహూర్ వెళ్లి రేణుకాదేవి సన్నిధిలో కారుకు పూజ చేయించారు. రెండో కిస్తీ టైర్లకు పోయింది. మూడోదాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏడాది తిరక్కుండా ఫైనాన్సు వాళ్లు వచ్చి, తెల్ల కారును చూసి, ఎత్తుకుపోతే సగం బాకీ కూడా తీరదని గ్రహించారు. శంకర్రావు వాళ్లకు చాయ్ తాగించి, ముత్తన్న ఇల్లు ఎటో మర్యాదగా చూపించాడు.

నోటీసు చదివించుకున్న ముత్తన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సర్పంచ్ మారోతి దయతలచి ఆ రెండెకరాలు తానే కొంటానని ముందుకొచ్చాడు. ధర కూడా తానే చెప్పి ముత్తన్నకు బేరమాడే శ్రమ తప్పించాడు. ఆ డబ్బు ఆగిన కిస్తీలకూ వడ్డీకీ సరిపోయింది. కారు శంకర్రావుకే మిగిలింది. కాశీబాయి ఆనాటి నుంచి కారెక్కక బస్సులోనే తిరిగింది. ఆడవాళ్లకు వ్యవహారం తెలియదని ఆయన సరిపెట్టుకున్నాడు.

రిజిస్ట్రీ రోజున ముత్తన్నను బిలోలికి బస్సులో పోనివ్వడానికి శంకర్రావు మనసొప్పలేదు. తన పక్క సీటులోనే కూర్చోబెట్టుకున్నాడు. సీటు మాసిపోతుందని ముత్తన్న అంచున కూర్చున్నాడు. ఒళ్లో భూమి కాగితం పెట్టుకుని, తన చేను దాటేదాకా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

బస్టాండు హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లంతా లేచి నిలబడి చూశారు.

"ముత్తన్నకేం తక్కువైందే? పటేలు పక్కన కూసోని కార్ల పోతుండు!"