పేరు చెప్పకూడని దురద

సోమవారం ఉదయం మోషే మేష్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ప్రార్థన అయ్యాక మూడో తరగతి చేత ఏడో ఎక్కం అప్పజెప్పించుకోవాలి. పదింటికి వచ్చే గుడ్ల అట్టలు దింపించుకోవాలి. మధ్యాహ్నం కాసేపు పిల్లలకి చేతులు కడుక్కునే పద్ధతి నేర్పాలి. పలివెలకు రెండు మైళ్ళ దూరంలో, కాలవ లాకు పక్కనున్న ఆ ప్రాథమిక పాఠశాలకు ఆయన ప్రధానోపాధ్యాయుడు. రెండో టీచరు ప్రసూతి సెలవులో ఉంది కాబట్టి ప్రస్తుతం మిగతా ఉపాధ్యాయులందరూ కూడా ఆయనే.

గేటు దగ్గర నిలబడి పిల్లలు లోపలికి రావడం చూస్తున్న మేష్టారికి మూడో తరగతి జాయ్ కనిపించింది. ఆ పిల్ల సంచీ నేలమీద పెట్టి, రెండు చేతుల వేళ్ళ సందులూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. గోక్కుంటోంది. ఆగి, ఊదుకుని, మళ్ళీ గోక్కుంటోంది.

వేళ్ళ సందుల్లో దురద అంటే ఏమిటో మేష్టారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎనిమిదేళ్ళ వయసులో తనకి గజ్జి వచ్చింది. అప్పటి మేష్టారు ఆ మాట క్లాసంతటికీ వినపడేలా చెప్పి, ఒక గోనె ముక్క ఇచ్చి, గుమ్మం దగ్గర విడిగా కూర్చోబెట్టాడు. గజ్జి నెలరోజుల్లో పోయింది. గుమ్మం దగ్గర చోటు మాత్రం అయిదో తరగతి దాకా అలాగే ఉండిపోయింది. కారణం అడిగే ధైర్యం ఆయన తండ్రికి లేదు, చెప్పే అవసరం ఆ మేష్టారికి కనపడలేదు.

జాయ్‌కి అలా జరగకూడదు. పిల్ల పేరు ఊళ్ళో ఒక్కరి నోటా వినపడకూడదు. ఆయన బీరువాలోంచి అంటువ్యాధుల కరదీపిక తీసి చూశారు. అందులోనూ అదే ఉంది: ‘బాధితుల పేరు గోప్యంగా ఉంచవలెను. విషయమును అందరికీ సాధారణ రూపంలో తెలియజేయవలెను.’ ఆ వాక్యం చదువుతూంటే ఆయన ఎడమ మణికట్టు, గడియారం పట్టీ కింద, చురచుర దురద పెట్టింది. మేష్టారు తనలో తాను నవ్వుకున్నారు. ఆయన మనస్తత్వశాస్త్రం పుస్తకాలు బాగా చదివినవారు. ఆవలింతలాగే దురద కూడా చూపుతో అంటుకుంటుందని ఆయనకు తెలుసు. ఒంటికి ఏమీ లేదు, ఇదంతా మనసు ఆడే నాటకం అని నిర్ధారించుకుని, తన మనసుని తాను అంత స్పష్టంగా చూడగలిగినందుకు కొంచెం సంతోషించి, గోక్కున్నారు.

ప్రార్థన అయ్యాక ఆయన సాధారణ రూపంలో మొదలుపెట్టారు.

"పిల్లలూ, గజ్జి అని ఒకటుంది. అది ఎవరికైనా రావచ్చు. సిగ్గుపడక్కర్లేదు. దానికి కారణం చిన్న పురుగు. కంటికి కనపడదు. చేలో ఎండ్రకాయ గట్టుకి బొరియ పెడుతుందే, అలాగే ఇది చర్మం కింద బొరియ పెడుతుంది. అందులోనే గుడ్లు పెడుతుంది. మనం పడుకున్నాకా మెల్లిగా బయటికొచ్చి నడుస్తుంది."

ఆయన మంచి ఉపాధ్యాయుడు. పాఠం కళ్ళకి కట్టేలా చెప్పడం ఆయనకి అలవాటు. ‘నడుస్తుంది’ అన్నప్పుడు రెండు వేళ్ళతో చేతిమీద నడిచి చూపించారు కూడా. ముందు వరసలో ఒకటో తరగతి పిల్లవాడు మెడ గోక్కున్నాడు. వాడి వెనక పిల్ల మోచేయి గోక్కుంది. గాలికి వరిచేను వంగినట్టు గోకుడు ముందు వరస నుంచి అయిదో తరగతి దాకా వెళ్ళి, అక్కడ గోడ ఉండడంవల్ల ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. పక్కనున్న వంటపాకలో పప్పు కలుపుతూ ఇదంతా వింటున్న వీరాయమ్మ గరిటె కాడతో వీపు గోక్కుంది.

మొదటి విరామంలో మంచినీళ్ళకి ఇళ్ళకెళ్ళిన ఇద్దరు పిల్లలు తాము విన్నది నిజాయితీగా చెప్పారు. పదిన్నరకి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ బుల్లబ్బాయి మోటారు సైకిల్ మీద దిగాడు. ఆయనకి పది ఎకరాల కొబ్బరితోట, బళ్ళో ఒక మనవడు ఉన్నారు.

"మేష్టారూ, బళ్ళో గజ్జంటండి?"

"కంగారేం లేదండి. జాగ్రత్తలు చెప్పేను, అంతే."

"ఊరికే చెప్పరు కదండీ! ఎవరో ఒకళ్ళకి ఉండబట్టే చెప్పేరు. పేరు చెప్పండి. నాలోనే ఉంచుకుంటాను."

బుల్లబ్బాయిలో ఉంచిన మాట కాలవలో వేసిన కొబ్బరికాయ లాంటిది. తేలుతూ అన్ని ఊళ్ళూ తిరుగుతుంది. "పేరు చెప్పనండి," అన్నారు మేష్టారు గట్టిగా.

"అయితే ఒకళ్ళున్నారన్నమాట!"

మేష్టారు నాలిక కరుచుకున్నారు. బుల్లబ్బాయి చూపు అప్పటికే వంటపాక మీద పడింది. వీరాయమ్మ గరిటె ఇంకా వీపు మీదే ఉంది.

"ఈవిడేనాండీ?"

"ఏటి బాబూ, నాకా?" వీరాయమ్మ గరిటె విసిరికొట్టి బయటికొచ్చింది. "చూడండి నా చేతులు! పన్నెండేళ్ళ నుంచి వండుతున్నాను. నా చేతి పప్పు తిని కలెక్టరాఫీసోళ్ళు మళ్ళీ వేయించుకున్నారు. నాకు గజ్జా? నేను మరి గరిటె ముట్టుకోనండి!"

"వీరాయమ్మగారూ, మీరు కాదు. నామాట నమ్మండి, మీరు కానే కాదు," అన్నారు మేష్టారు ఆదుర్దాగా. ఆమెను రక్షించడం న్యాయమే. కానీ ఆ ఒక్క ‘కాదు’తో ఆయన ఎలాంటి బోనులో కాలు పెట్టారో అప్పటికి ఆయనకి తట్టలేదు.

బుల్లబ్బాయికి వెంటనే తట్టింది. "మరి మా మనవడా?"

"కాదండి."

"హమ్మయ్య!" అని ఆయన గేటు దగ్గరికెళ్ళి, పోగవుతున్న తల్లిదండ్రులతో, "అడిగితే చెప్తన్నారు. ఒక్కొక్కళ్ళే వెళ్ళండి," అన్నాడు.

వాళ్ళు వచ్చారు. ‘మావాడు కాదు కదండీ?’ ‘కాదండి.’ ‘మా పిల్ల?’ ‘కాదమ్మా.’ కాదనేటప్పుడు ఎదుటి మొహంలో కనిపించే వెలుగు మేష్టారికి ఎంతో బాగుంది. మనిషికి ఇంత చిన్న మాటతో ఇంత ఊరట ఇవ్వగలగడం ఆయన్ని మైమరపించింది. పదిమందికి ఇచ్చాక ఆయన లోపల లెక్కల మేష్టారు మేల్కొన్నాడు. బళ్ళో ముప్ఫై నలుగురు పిల్లల్లో ముప్ఫై ముగ్గురిని కాదంటే, మిగిలేది ఎవరో ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

సరిగ్గా అప్పుడు విజయదుర్గ వచ్చింది. ఆమె కొడుకు రెండో తరగతి.

"మా బాబు కాదు కదండీ, మేష్టారుగారూ?"

"చెప్పకూడదమ్మా."

విజయదుర్గ మొహం పాలిపోయింది. "అందరికీ కాదన్నారు. నాకు చెప్పకూడదంటన్నారు. అంటే మావాడేనన్నమాట!" అని అక్కడే మెట్టుమీద కూలబడి, పమిట నోట్లో కుక్కుకుంది. ఆమె వెనక నిలబడ్డవాళ్ళు రెండడుగులు జరిగారు. పక్కింటావిడ నాలుగడుగులు జరిగింది.

"అయ్యో, మీవాడు కాదమ్మా!" అని అనబోయి మేష్టారు ఆపుకున్నారు. అంటే పదకొండవది అవుతుంది. అనకపోతే ఈ తల్లి ఏడుపు ఆగదు. ఆయన బుద్ధికి తోచిన ఒకే ఒక్క న్యాయమైన దారి పట్టారు. కుర్చీ ఎక్కి, గొంతు సవరించుకుని ప్రకటించారు.

"ఇకనుంచి ఎవరికీ అవునని గానీ కాదని గానీ చెప్పను. ఇందాకా కాదని చెప్పినవి కూడా వెనక్కి తీసుకుంటున్నాను!"

వెంటనే, హమ్మయ్య అనుకున్న పదిమంది ఒకేసారి లేచారు.

"ఇదేం పద్ధతండీ! ఇచ్చిన మాట వెనక్కి తీసుకోడం ఎక్కడైనా ఉందా?"

"అంటే మా పిల్లకి ఉన్నట్టా, లేనట్టా?"

"కొత్తపేట కాన్వెంటు వ్యాను రేపట్నుంచి మా వీధిలో ఆపమంటాను!"

"నేను వంట వండను. నా ‘కాదు’ నాకు తిరిగిచ్చేదాకా వండను!" ఇది వీరాయమ్మ.

మేష్టారు కుర్చీమీదే నిలబడి చెమట తుడుచుకున్నారు. ఉద్యోగం పోతుందేమో అనిపించింది. బడి ఖాళీ అవుతుందేమో అనిపించింది. కిందకి చూస్తే జాయ్ మూడో తరగతి వరసలో కూర్చుని, ఏమీ పట్టనట్టు, వేళ్ళ సందులు గోక్కుంటోంది. అదృష్టవశాత్తూ ఆ వేళకి అందరూ గోక్కుంటూ ఉండడంవల్ల ఆ పిల్ల ప్రత్యేకంగా కనపడలేదు. ఉద్యోగం పోతే పోయింది, పేరు మాత్రం చెప్పనని ఆయన తీర్మానించుకున్నారు.

బుల్లబ్బాయి ఫోన్ చేయగా పన్నెండింటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరు పద్మావతి జీపులో వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. వరండాలో వెలుతురున్న చోట బల్ల వేయించుకుని పిల్లల్ని వరసలో రమ్మంది. వాళ్ళ వెనక తల్లిదండ్రులూ నిలబడ్డారు. దారిన పోతూ ఆగినవాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని, నిలబడ్డారు. వరస లాకు దాకా సాగింది. లాకు మీద ఇద్దరు పోలిక కోసం ఒకరి చేతులు ఒకరు చూసుకుంటున్నారు. ఇంతమందిని చూసి డాక్టరుగారు కూడా మోచేయి గోక్కుని, ఎవరైనా గమనించారేమోనని చప్పున స్టెతస్కోపు సర్దుకుంది.

జాయ్ వంతు వచ్చేసరికి మేష్టారు బల్ల పక్కకి చేరారు. డాక్టరు పిల్ల వేళ్ళు విడదీసి, భూతద్దంతో చూసి, వాసన చూసి, మెల్లిగా అడిగింది.

"పొద్దున్న ఏం చేసేవమ్మా?"

"మా నాన్నమ్మతో కంద చెక్కేనండి. కంద బచ్చలి కూరకండి."

"చింతపండు రాసుకో, పోతుంది. తరవాతెవరు?"

అంతే. వెనకున్నవాళ్ళకి ఆ మాట వినపడనైనా లేదు. పదిలంగా దాచుకున్న రహస్యం కంద తొక్కలా ఊడి పడింది. మేష్టారికి నవ్వొచ్చింది, సిగ్గేసింది, వాటన్నిటికంటే ఎక్కువగా ఒళ్ళు తేలికపడింది. ఆ తేలికలో ఆయన ఎడమ మణికట్టు ఆనందంగా గోక్కున్నారు.

రెండున్నరకి డాక్టరు లేచి అందరికీ వినపడేలా చెప్పింది. "పిల్లలందరూ శుభ్రంగా ఉన్నారండి. పెద్దవాళ్ళకీ ఏమీ లేదు. ఎవరో చెప్తే విని గోక్కున్నారు, అంతే." చెబుతూనే పక్కకి చూసింది. "మేష్టారూ, ఆ గడియారం తీయండోసారి."

"ఇదా? ఇది మానసికమండి. సూచనకి లొంగడం అంటారు. నేను పొద్దున్నే గుర్తు పట్టేను..."

డాక్టరు ఆయన మణికట్టు మీద భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. "ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఓ రెండు వారాలు..."

"ఈ మధ్యన ఇంట్లో కాకుండా వేరేచోట పడుకున్నారా?"

"ఆయ్. నెల్రోజుల కిందట శిక్షణకెళ్ళేమండి. హాస్టల్లో మూడ్రోజులు. ఒకే జంపఖానా మీద నలుగురం."

"ఏం శిక్షణండీ?"

మేష్టారు గొంతు తగ్గించారు. "అంటువ్యాధుల నివారణండి."

డాక్టరు మందు ట్యూబు తీసి ఆయన చేతిలో పెట్టింది. "రాత్రికి మెడ దగ్గర్నుంచి కాళ్ళ దాకా రాసుకుని, పొద్దున్న స్నానం చేయండి. ఇంట్లో అందరూ రాసుకోవాలి. ఇంతమందిలో నిజం గజ్జి ఇదొక్కటేనండి." ఆమె మృదువుగానే చెప్పింది. కానీ ఆ క్షణాన వరండాలో అందరూ వింటున్నారు.

బుల్లబ్బాయి మొహంలో ఉదయం నుంచి పడ్డ ముడులు ఒక్కొక్కటిగా విడిపోయాయి. "ఓహో! అందుకాండీ పేరు చెప్పనని అంత పట్టు పట్టేరు!"

"కాదండి, నేను అనుకున్నది వేరే..." అని మేష్టారు ఆగిపోయారు. వేరే అంటే ఎవరని అడుగుతారు. వంటపాక పక్కన వీరాయమ్మ జాయ్ అరచేతుల్లో చింతపండు గుజ్జు రుద్దుతోంది. ఆ పిల్ల కితకితలు పెట్టినట్టు నవ్వుతోంది. ఎవరూ అటు చూడడం లేదు. అందరూ ఇటే చూస్తున్నారు.

ఆ ఒక్క క్షణంలో ఆయన తన మనసుని మరోసారి పరీక్షించుకున్నారు. సిగ్గు ఉంది. ఎనిమిదేళ్ళ వయసు నాటిదే, పెద్దగా ఎదగలేదు. దాని పక్కనే, వింతగా, ఆకలి కూడా ఉంది.

"ఆయ్," అన్నారు. "నేనేనండి."

జనంలో బిగువు ఒక్కసారిగా సడలింది. విజయదుర్గ కళ్ళు తుడుచుకుని కొడుకుని ముద్దు పెట్టుకుంది. పదిమందీ తమ ‘కాదు’లు తిరిగి తీసుకున్నారు. వీరాయమ్మ, "పొద్దున్నే చెప్పుంటే పప్పు చల్లారకపోను గదండీ," అని విసుక్కుంటూనే ముందుగా మేష్టారికే పళ్ళెం పెట్టింది.

"మొదటే చెప్పాల్సిందండి మేష్టారూ," అన్నాడు బుల్లబ్బాయి ఎంతో ఆప్యాయంగా, రెండడుగులు వెనక్కి వేస్తూ. "మనలోమాటండి. మీ పేరు ఎక్కడా రానివ్వం."

మేష్టారికి గజ్జి ఉన్న సంగతి ఎవరూ బయటపెట్టరాదని కమిటీ ఆ సాయంత్రమే ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు వందల పదహారు మందికి తెలియజేసింది.